కరిగిన పొర

"బతికున్న మనిషిని మిల్లు గుంజుకుంటే నెత్తురు పై రేకుల దాక చిమ్మాలె," అంది నాగేశ్వరి. "గీ గోడ మీద ఒక్క చుక్క లేదేంది, మాణిక్ రెడ్డీ?"

"కడిగిన్రు," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మాణిక్ రెడ్డి, సిగరెట్ వెలిగించుకుంటూ.

"మిల్లు కడగలే. దాని నోట్ల ఇంక మాంసమున్నది. గోడొక్కటే కడిగిన్రా?"

మాణిక్ రెడ్డి పొగ వదిలాడు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య ధవళ ల్యాబ్స్ వెనక ఉన్న రేకుల షెడ్డు అది. లోపల మక్క బెండ్లను, అంటే గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకులను, పిండి చేసే ఇనుప మిల్లు. దాని కడుపులో ఒక ఇరుసు చుట్టూ సుత్తులు గిర్రున తిరుగుతాయి. రెండు రోజుల క్రితం పొద్దున్నే షిఫ్టుకు వచ్చినవాళ్ళకు ఆ మిల్లు నోట్లో యాదగిరి కనిపించాడు. మోచేతుల దాకా చేతులు లేవు, ముఖం లేదు. బెల్టు చూసి, చొక్కా చూసి గుర్తుపట్టారు. ధవళ ల్యాబ్స్‌లో కెమికల్ ఇంజనీరు. ఇస్నాపూర్ రైతు కుటుంబంలో మొట్టమొదట ఇంజనీరింగ్ చదివినవాడు. పెళ్ళి కూడా కాలేదు.

చొక్కా గుప్పున సారా వాసన కొట్టింది. అసలే సర్కారు మద్యం బందు పెట్టిన కాలం. ఊళ్ళలో గుడుంబ తాగి మనుషులు రాలిపోతున్నారు. మాణిక్ రెడ్డి ఒక్క వాక్యంలో కేసు ముగించేశాడు: తాగి, తూలి, మిల్లులో పడ్డాడు.

యాదగిరి తల్లి నర్సింహమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. ఈ పొద్దున్నే సంగారెడ్డి బస్సెక్కి నేరుగా నాగేశ్వరి ఇంటికి వచ్చింది. "నా కొడుకు జిందగీల తాగలే బిడ్డా. కల్లు సుత ముట్టలే. చచ్చినోని మీద గా ముద్ర ఎట్ల ఏస్తరు?" అని అడిగింది.

నాగేశ్వరి ఒకప్పుడు పోలీసుశాఖలో ఎస్సై. మాణిక్ రెడ్డితో కలిసి ట్రైనింగ్ అయింది. లాకప్‌లో ఒక మనిషి చనిపోతే, గుండెనొప్పి అని సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతోంది. ఆ రోజు సంతకం పెట్టినవాడు మాణిక్ రెడ్డి.

ఆమె మిల్లు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నెత్తురు గడ్డకట్టి నల్లబడిన అంచు మీద ఏదో మెరిసింది. గోటితో పట్టి లాగింది. ఉల్లిపొర లాంటి పొర ఊడివచ్చింది. అద్దంలా పారదర్శకంగా ఉంది. దాంట్లో నెత్తురంటిన వెంట్రుకలు ఇరుక్కుపోయి ఉన్నాయి.

ముక్కు దగ్గర పెట్టుకుంది. స్పిరిట్ వాసన.

"ఇగో సూడు," అంది. "నీ గుడుంబ. సారా ఆరితే పొర కడతదా? ఇది ఈ ఫ్యాక్టరీల మందుగోలీలకు పూసే పూత. తల పగిలి నెత్తురు కారినంక, ఆ నెత్తురు మీద ఇది పడి ఆరింది. యాదగిరిని ఇంకోతాన చంపి ఈడికి మోసుకొచ్చిన్రు. పీనుగను మిల్లుకు పెట్టిన్రు. అందుకే నెత్తురు చిమ్మలే."

మాణిక్ రెడ్డి ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వీపు మిల్లుకు కొట్టుకునేలా తోశాడు. "నువ్వు ఇప్పుడు పోలీసువు కాదు నాగేశ్వరీ. యాదుంచుకో."

ఆమె అతని బొటనవేలు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచింది. మాణిక్ రెడ్డి కేక పెట్టి ఎడమచేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. పొర కింద పడింది. అతను దాని మీద సిగరెట్ నిప్పు ఆనించి ఊదాడు. పొర భగ్గున మండి మసైపోయింది.

"ఇగ చూపియ్యి నీ సాక్ష్యం," అన్నాడు వేలు నొక్కుకుంటూ.

"నువ్వు కాలవెట్టింది సగమే," అంది నాగేశ్వరి, పిడికిలి బిగించి. నెత్తురు ఉమ్మేసింది. "ఎవల కోసం చేస్తున్నవ్?"

అతని ముఖం జేవురించింది. "నేను ఇస్నాపూర్ పోతున్న. ఇయ్యాల పిల్లగాని మూడొద్దుల దినం, ఇంటోళ్ళందరు ఒక్కతాన దొరుకుతరు. యాక్సిడెంటని ముసల్దాని వేలిముద్ర ఏయించుకుంట. దాంతోని కేసు ఖతం."

బూట్లతో మక్కపొడి తన్నుకుంటూ జీపు ఎక్కి వెళ్ళిపోయాడు.

* * *

ధవళ ల్యాబ్స్ పరిశోధన విభాగానికి పెద్ద, డాక్టర్ చలపతిరావు. మందుల డాక్టరు కాదు, కెమికల్ ఇంజనీరింగులో డాక్టరేట్ చేసినవాడు. యాదగిరిని కాలేజీ నుంచి ఏరి తెచ్చుకుని పని నేర్పింది ఆయనే. నాగేశ్వరి గదిలోకి వచ్చేసరికి బల్ల మీద మోచేతులు ఆనించి తల పట్టుకుని ఉన్నాడు.

"నా కొడుకు లాంటివాడమ్మా," అన్నాడు. "రెండు రోజులుగా నిద్ర లేదు నాకు."

"మీ పని గురించి చెప్పుండ్రి," అంది ఆమె కూర్చోకుండానే.

పని మాట ఎత్తగానే ఆయన కళ్ళలోకి వెలుగు వచ్చింది. "రైతులు పొయ్యిలో పెట్టే మక్క బెండు ఉంది చూశారూ, దాంట్లోంచి మేము సెల్యులోజ్ తీస్తాం. దాన్ని కొంచెం మార్చి స్పిరిట్‌లో కరిగించి, మందు పూసల మీద పిచికారీ చేస్తాం. స్పిరిట్ ఆవిరైపోతుంది. పల్చటి పొర మిగులుతుంది. ఆ పొరలోంచి మందు రోజంతా కొద్దికొద్దిగా ఊరుతుంది. బీపీ రోగి పొద్దున ఒక్క గోలీ వేసుకుంటే మళ్ళీ మర్నాటి దాకా చూసుకోనక్కర్లేదు. విదేశాల నుంచి తెచ్చుకునే పొరను మనం చెత్తలోంచి చేశాం!"

"రోజంతటి మందు ఒక్క గోలీలనే ఉంటదా?"

"ఉంటుంది. పొర కాపాడుతుంది కదా."

"స్పిరిట్‌ల కరిగించి పూస్తమన్నరు. పూసినంక ఆ పొరకు మళ్ళ స్పిరిట్ తగిల్తే?"

చలపతిరావు కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. "ప్రశ్న అర్థం కాలేదు."

"నాకైతే అర్థమైంది."

బల్ల మీద సీసాలో శాంపిల్ గోలీలున్నాయి, గొట్టం లాంటి క్యాప్సూళ్ళు. నాగేశ్వరి రెండు తీసి విప్పింది. లోపల ఆవాలంత పూసలు. పక్కనున్న గాజుగ్లాసులు దగ్గరికి లాక్కుంది. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో అలమారాలోంచి తీసిన స్పిరిట్ సగం, నీళ్ళు సగం పోసింది. "వద్దమ్మా, అవి ముట్టుకోకూడదు" అని ఆయన లేచేలోపు పూసలు రెంటిలోనూ వేసి చెంచాతో కలిపింది.

నీళ్ళలో పూసలు అడుగుకు చేరి అలాగే ఉన్నాయి. స్పిరిట్ గ్లాసులో మాత్రం ముందు సన్నటి పసుపు చారలు లేచాయి. పొరలు ముడుచుకుపోయి విడిపోయాయి. ఇద్దరూ చూస్తుండగానే గ్లాసంతా చిక్కటి పసుపయింది.

నాగేశ్వరి పసుపు గ్లాసును ఆయన ముందుకు జరిపింది.

"ఇస్నాపూర్ కిరాయి రూముల ముగ్గురు కూలీలు చచ్చిపోయిన్రు," అంది నాగేశ్వరి. "గుడుంబ చావులని రాసిన్రు. ఆ ముగ్గురూ మీ గోలీలు మింగి చూస్తమని ఒప్పుకున్నోళ్ళే. పొద్దున గోలీ ఏసుకున్నరు, షిఫ్టు దిగి సారా తాగిన్రు. రోజంతా ఊరాల్సిన మందు ఒక్కసారే నెత్తుట్ల కలిసింది. గుండె ఆగింది. యాదగిరి గిదే పరీక్ష చేసిండు. చేసిండా లేదా?"

చలపతిరావు కుర్చీలోకి జారిపోయాడు. "చేశాడు. నా దగ్గరికే వచ్చి చెప్పాడు. ఆపేద్దామనే అన్నాను నేను. ప్రమాణం చేసి చెబుతున్నాను."

"మరి ఎవలు ఆపనియ్యలే?"

ఆయన కిటికీ వైపు చూశాడు. గేటు దగ్గర మట్టిలో మాణిక్ రెడ్డి జీపు టైర్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. "ఆ ముగ్గురి శవాలకూ గుడుంబ అని రాసిందెవరో మీకు తెలుసు. అప్పటి నుంచి నా పీక మీద కూర్చున్నాడు. నిజం బయటపడితే అతని ఉద్యోగం పోతుంది. యాదగిరి నోరు మూయించాల్సిన అవసరం నాకంటే అతనికే ఎక్కువ."

నమ్మదగ్గ మాటే. మాణిక్ రెడ్డి పొరను కాల్చడం ఆమె కళ్ళారా చూసింది. కానీ పొర వచ్చింది మాత్రం ఈ భవనంలోంచే.

"పూత పూసే గది చూడాలె."

"తప్పకుండా. ఫోర్‌మన్ చిన్నరాములు చూపిస్తాడు. నాకు బయట పని ఉంది." చలపతిరావు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "వాడి తల్లికి ఏం చెప్పాలో తెలియడం లేదమ్మా," అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

* * *

చావు జరిగినందుకు పని బందు పెట్టారు. పూతగదిలో మనిషి లేడు. మధ్యలో రాగి బాన, మనిషి కూర్చునేంత పెద్దది, మోటారు మీద పక్కకు ఒరిగి ఉంది. అది తిరుగుతుంటే లోపల పూసలు దొర్లుతాయి, పైనుంచి పూత పడుతుంది. చిన్నరాములు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎద్దుమూపు లాంటి భుజాలు, వంచిన తల.

నాగేశ్వరి నేల మీద వంగింది. సిమెంటు గచ్చు మీద ఒక మూలనుంచి మరో మూలకు అదే పొర ఆరి ఉంది. పూత డబ్బా ఒలికినట్టుంది. ఒక చోట పొర కింద నెత్తురు ఇంకా ఎర్రగా, గాలి తగలకుండా నిలిచిపోయింది. పొర మీద మడమలు ఈడ్చిన గీతలు. రెండు మడమలు, వెనకవైపు తలుపు దాకా.

"ఈడనే కొట్టిన్రు," అంది ఆమె.

ఆమె వెనక, చిన్నరాములు నిలబడ్డ తలుపుకు గడియ పడిన చప్పుడైంది.

ఆమె తిరిగేలోపే ఇనుప పానా భుజం మీద పడింది. ఎముక కలుక్కుమంది. కుడిచెయ్యి చచ్చుబడి వేలాడింది. రెండో దెబ్బ తలకు రావాల్సింది. ఆమె పక్కకు దొర్లడంతో గచ్చు పగిలి పెళ్ళ లేచింది.

"మాఫ్ చెయ్యి మేడం," అన్నాడు చిన్నరాములు రొప్పుతూ. "సారు చెప్పిండు."

మూడోసారి ఎత్తాడు. నాగేశ్వరి బాన పక్కనున్న స్పిరిట్ బకెట్‌ను ఎడమచేత్తో అందుకుని ముఖాన విసిరింది. కళ్ళలోకి పోయింది. అతను గావుకేక పెట్టి పానా వదిలేసి గుడ్డివాడిలా ముందుకు తడుముకున్నాడు. ఆమె మోకాలితో పొట్టలో కుమ్మింది. ఆసరా కోసం చాచిన చెయ్యి రాగి బాన లోపలికి పోయింది. ఆమె గోడ మీది మీట నొక్కింది.

బాన తిరిగింది. లోపలి రెక్కకూ అంచుకూ మధ్య చెయ్యి ఇరుక్కుంది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. చిన్నరాములు అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె మోటారు ఆపింది. మీట మీద నుంచి వేలు మాత్రం తీయలేదు.

"యాదగిరిని ఎవలు కొట్టిన్రు?"

"డాక్టర్ సారు! గిదే పానాతోని. వెనక నుంచి కొట్టిండు. పిల్లగాడు పడిపోతే ఇంక రెండు దెబ్బలేసిండు. సారూ వద్దు సారూ అనుకుంటనే పోయిండు..." చిన్నరాములు ఏడుస్తున్నాడు. "నేను పీనుగను మోసిన. అంతే. మొఖం, తల ఆనవాలు లేకుండ చెయ్యమన్నడు. మిల్లుకు పెట్టిన. నాకిద్దరు ఆడపిల్లలు మేడం."

"సారు ఇప్పుడు ఏడికి పోయిండు?"

"ఇస్నాపూర్. మూడొద్దులకు. ఒక్కరు మిగిలిన్రు, ఇయ్యాల గా పని కూడ అయిపోతది అన్నడు. గోలీలు తీస్కపోయిండు."

నర్సింహమ్మ పొద్దున చెప్పిన మాట నాగేశ్వరి చెవిలో మోగింది: 'నా కొడుకు నాకు దాసిపెట్టలే బిడ్డా. గోలీల సంగతి అంత చెప్పిండు.' చావు తర్వాత మూడో రోజు, మూడొద్దుల దినం, పోయినవాళ్ళ పేరు మీద పిట్టకు పెడతారు. అన్నం, కూర, సారా. ఆ పెట్టిన సారాలోంచి ఇంటివాళ్ళు గుటకైనా మింగాలి. ఆచారం. తాగని వాళ్ళు కూడా ఆ రోజు మింగుతారు.

బాన వెనక్కి తిప్పి అతని చెయ్యి విడిపించింది. వాచ్‌మన్‌ను కేకేసి అప్పగించింది. ఆఫీసు ఫోనులో జిల్లా ఎస్పీ బంగళాకు రెండు ముక్కలు చెప్పింది. వేలాడుతున్న చేతిని చున్నీతో మెడకు కట్టుకుని, వాచ్‌మన్ కొడుకు స్కూటర్ నడపగా వెనక కూర్చుంది.

* * *

ఇస్నాపూర్‌లో నర్సింహమ్మ ఇంటి వాకిట్లో జీపు ఆగి ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు దానికి ఆనుకుని ఉన్నారు. లోపల అరుగు మీద ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నులకమంచం మీద మాణిక్ రెడ్డి, పక్కనే కుర్చీలో చలపతిరావు. పిట్ట ముట్టి వెళ్ళినట్టుంది, ఇస్తరాకు చెదిరి ఉంది. నర్సింహమ్మ చేతిలో చిన్న గ్లాసు. ఆడబిడ్డ ఎవరో "తాగు వదినె, పోరని పేరు మీద తాగు" అంటోంది. గ్లాసు పెదాలను తాకింది.

నాగేశ్వరి పరుగున వచ్చి ఎడమచేత్తో కొట్టింది. గ్లాసు గోడకు తగిలి పగిలింది. సారా నర్సింహమ్మ ముఖం మీద చిందింది.

"నీకేమొచ్చింది బిడ్డా!" అని నర్సింహమ్మ అరిచింది. "నా కొడుకు పిండం కాడ..."

"గోలీ మింగినవా అవ్వా? ఈ సారు ఏమన్న గోలీ ఇచ్చిండా?"

"ఏం గోలీ? నాకెవ్వలు ఇయ్యలే. నేను మింగలే."

నాగేశ్వరి చలపతిరావు వైపు తిరిగింది. ఆయన నర్సింహమ్మను చూడటం లేదు. పగిలిన గ్లాసునూ చూడటం లేదు. తన పక్కనున్న మంచం వైపు ఓరకంట చూస్తున్నాడు, పొయ్యి మీది పాలు ఎప్పుడు పొంగుతాయా అని చూసేవాడిలా.

మంచం కింద ఖాళీ సారా సీసా దొర్లి ఉంది.

మాణిక్ రెడ్డి నవ్వాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. "మళ్ళొచ్చినవా? వేలిముద్ర..." లేవబోయాడు. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా కారుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. "గీడ చీకటైందేంది..."

"నీకు గోలీ ఎవలిచ్చిన్రు?"

"బీపీ... డాక్టర్ సాబే... గింతకుముందే మూడేసుకోమన్నడు..." మంచం పట్టెకు తల కొట్టుకుంటూ నేల మీదికి కూలిపోయాడు.

నాగేశ్వరి అతన్ని పక్కకు తిప్పి గొంతులోకి వేళ్ళు తోసింది. అతను కొరికాడు. నెత్తురు వచ్చినా ఆమె తీయలేదు. భళ్ళున కక్కాడు. పసుపు. అరుగంతా పసుపు. పూసలు ఒక్కటీ మిగల్లేదు. అన్నీ కరిగిపోయాయి. నాడి అందీ అందనట్టు కొట్టుకుంటోంది.

చలపతిరావు నెమ్మదిగా లేచాడు. సంచీ అందుకున్నాడు. గుమ్మం వైపు నడిచాడు.

"పట్టుకోండ్రి వాన్ని!" అంది నాగేశ్వరి. "అవ్వా, నీ కొడుకును కొట్టి చంపింది వాడే."

కానిస్టేబుళ్ళు తేరుకునేలోపే నర్సింహమ్మ లేచింది. రోలు దగ్గరున్న రోకలి ఆమె చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. చలపతిరావు గడప మీద బోర్లా పడ్డాడు. ఆమె అతన్ని కాలితో వెల్లకిలా తిప్పింది. రోకలి తల మీదికి ఎత్తింది. ఆమె ముఖంలో ఏడుపు లేదు.

"ఆగు అవ్వా!"

"ఎందుకాగాలె?"

"ఆ గోలీల ఏం మందున్నదో, దానికి విరుగుడేందో వానికొక్కనికే తెలుసు. వాడు చస్తే ఈ ఇన్‌స్పెక్టర్ చస్తడు."

"చావనియ్యి! నా కొడుకు తాగుబోతని రాసింది గీ ఇన్‌స్పెక్టరే కాదా?"

నాగేశ్వరి మాణిక్ రెడ్డి మణికట్టు వదల్లేదు. ఆమె చేతి కింద నాడి ఒక దెబ్బ తప్పింది. మళ్ళీ కొట్టింది.

రోకలి గాలిలోనే ఆగింది. చలపతిరావు దాన్నే చూస్తూ చేతులు అడ్డం పెట్టాడు. "నన్ను... నన్ను పోనిస్తామని మాటివ్వండి. చెబుతాను. అతను బతకాలంటే నేను..."

రోకలి దిగింది. తల మీద కాదు, మోకాలి మీద. చిప్ప పగిలిన చప్పుడు వాకిలి దాకా వినిపించింది.

"కాల్షియం!" చలపతిరావు అరిచాడు. "కాల్షియం ఇంజక్షన్! నరంలోకి! ఏ ఆసుపత్రిలోనైనా ఉంటుంది... కొట్టొద్దమ్మా, కొట్టొద్దు!"

కానిస్టేబుళ్ళలో ఒకరు అతని చేతులు విరిచి కట్టారు. ఇంకొకరు, ఆడవాళ్ళు, నాగేశ్వరి కలిసి మాణిక్ రెడ్డిని జీపులోకి ఎత్తారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

నర్సింహమ్మ రోకలి కింద పారేసి జీపు దగ్గరికి వచ్చింది. "బతుకుతడా?" అని అడిగింది.

"చెప్పలేను అవ్వా."

ఆమె ఒక్క క్షణం ఆ నీలం పెదవులను చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని జీపు వెనక ఎక్కింది. మాణిక్ రెడ్డి తలను తన ఒళ్ళోకి లాక్కుంది. చెంప మీద ఛెళ్ళున ఒకటి కొట్టింది. అతని కనురెప్పలు కదిలాయి.

"నిద్రవోకురా," అంది. "నా కొడుకు తాగలేదని నువ్వే రాయాలె. నీ చేత్తోనే రాయాలె. అందాక నిన్ను చావనియ్య."

మళ్ళీ కొట్టింది. జీపు రోడ్డెక్కింది.